అన్నయ్య మానేసిన మాత్ర

రోజూ ఇరవైమంది మెడల మీద జెల్ రాసి రక్తనాళాలు చూసే చెల్లెలికి, సొంత అన్నయ్య కొలెస్ట్రాల్ మాత్ర మానేసిన సంగతి ఎనిమిది నెలల దాకా తెలియలేదు. అదైనా వదిన నోరు జారితే బయటపడింది.

మర్నాడే అతన్ని తను పనిచేసే స్కానింగ్ గదికి లాక్కొచ్చింది. అన్నయ్య దర్జీ. మెడలో టేపు తియ్యకుండానే బల్ల మీద పడుకున్నాడు.

"ముందు ఆ టేపు తియ్యి."

"జాకెట్టు కొలతలు తీస్తావేమో అనుకున్నాలే," అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

జెల్ రాసి మెడ మీద ప్రోబు ఆనించగానే తెర మీద నాళం గోడకి పేరుకున్న కొవ్వు కనబడింది. రెండేళ్ల కిందట చూసినప్పటికన్నా మందంగా ఉంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు మానేశావు?"

"రిపోర్టు నార్మల్ వచ్చిందిగా. తగ్గాక కూడా మింగాలా?"

"మింగబట్టే తగ్గింది అన్నయ్యా! ఆ మాత్ర రక్తంలో కొవ్వు తగ్గించి ఊరుకోదు. ఇదిగో, ఈ పేరుకున్నది వాచిపోకుండా, చిట్లకుండా కాపాడుతుంది. ఇది చిట్లి గడ్డ కట్టిందా, మెదడుకి రక్తం ఆగిపోతుంది. ఎన్నిసార్లు చెప్పి చచ్చాను!"

అతను జెల్ తుడుచుకుంటూ లేచి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పావు. నేను చెప్పింది విన్నావా? మొదలెట్టిన నెలకే రెండు తొడలూ పట్టేశాయి. మిషను తొక్కలేకపోయా. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావు?"

గుర్తొచ్చింది. "వయసైపోతోంది, కాస్త నడువు," అని పెట్టేసింది. బయట పేషెంట్లు బారులు తీరి ఉన్నారు ఆ రోజు.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, తుడిచిన ప్రోబునే మళ్లీ మళ్లీ తుడిచింది.

సాయంత్రం ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన తొడల నొప్పి గురించి ఓపిగ్గా విని, రక్తపరీక్ష చేయించి, "కొంతమందికి ఇలా అవుతుంది. చెప్పాలి గానీ మానెయ్యకూడదు," అంటూ వేరే మందు తక్కువ మోతాదులో రాశాడు.

"ఆ పేరుకున్నది కరిగిపోతుందాండీ?" అన్నాడు అన్నయ్య ఆశగా.

"పూర్తిగా పోదు. పెరగకుండా, చిట్లకుండా చూసుకుందాం."

"జీవితాంతమా?"

"జీవితాంతమే," అంది చెల్లెలు, డాక్టరు నోరు తెరిచేలోపే.

నెల తిరిగినా కొత్త మందుతో నొప్పులు రాలేదు, మిషను మామూలుగా తొక్కుతున్నాడు. కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాళ్లకీ మాత్ర మానొద్దని పాఠాలు కూడా చెబుతున్నాడట. వదిన మురిసిపోతూ చెబుతుంటే ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఆ ఎనిమిది నెలల్లో పేరుకున్నది పేరుకున్నట్టే ఉంది మరి.