ఏడో నంబరు మంచం

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో నేను డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెబుతాను. పదకొండేళ్లుగా అదే సబ్జెక్టు. కళావతి మేడం పాఠం చెబితే బండకైనా ఎక్కుతుందని పిల్లలు అంటుంటే విని మురిసిపోయేదాన్ని.

పోయిన వర్షాకాలంలో ఎముకల డాక్టరు గణేశ్వరరావు గారు మా ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశారు. ఆయన ఆస్పత్రి మేడ మీద ఏడు మంచాల వార్డు ఉంది. మగవాళ్ల గదిలో ఒకటి నుంచి నాలుగు, ఆడవాళ్ల గదిలో ఐదు నుంచి ఏడు. నర్సు కూర్చునేది కింద. పైనుంచి ఎవరు పిలిచినా వినపడదు. మంచానికో స్విచ్చి పెట్టి, ఎవరు నొక్కారో నర్సు బల్ల దగ్గర దీపం వెలిగేలా చెయ్యాలన్నారు. చిక్కల్లా ఒకటే. గోడలు కొత్తగా తవ్వడానికి వీల్లేదు. గోడలో ఉన్న పాత పైపులో నాలుగు తీగలకి మించి పట్టవు.

ఆ మాట వినగానే నాకు సంబరమేసింది. బోర్డు మీద గీసి చెరిపేసే బొమ్మ మొదటిసారి మనుషులకి పనికొస్తుంది కదా అని.

ఏడు మంచాలకి ఏడు తీగలు అక్కర్లేదు. మూడు చాలు. మొదటి తీగ విలువ ఒకటి, రెండోదాని విలువ రెండు, మూడోదాని విలువ నాలుగు అనుకోవాలి. మూడో మంచం నొక్కితే ఒకటి, రెండు విలువల తీగల్లో కరెంటు పారుతుంది. ఐదో మంచం నొక్కితే ఒకటి, నాలుగు విలువల తీగల్లో. ఏడుకైతే మూడింటిలోనూ. ఎవరూ నొక్కకపోతే దేనిలోనూ ఉండదు. మంచం నంబరుని ఇలా తీగల గుర్తుగా మార్చే పెట్టె ఎన్‌కోడర్, అది పైన ఉంటుంది. ఆ గుర్తు చదివి సరైన దీపం ఒక్కటే వెలిగించేది డీకోడర్, అది కింద నర్సు దగ్గర. నాలుగో తీగ అన్నిటికీ ఉమ్మడి.

ఇలాంటి పనికి ప్రయారిటీ ఎన్‌కోడర్ అనే చిప్పు వాడాలి. విశాఖపట్నం నుంచి తెప్పించమని చెప్పాను. అది రాకముందే డాక్టరు గారు ప్రారంభం రోజు ఖాయం చేసేశారు. ల్యాబులో ఆర్ గేట్లనే మామూలు భాగాలు దండిగా ఉన్నాయి. వాటితోనే ఎన్‌కోడర్ కట్టేసి, చిప్పు వచ్చాక మార్చుదాంలే అనుకున్నాను.

ప్రారంభం రోజు శాలువా కప్పారు. ఒక్కో మంచం దగ్గరా ఒక్కొక్కరు స్విచ్చి నొక్కితే కింద ఒక్కో దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. లోకల్ పేపర్లో నా ఫొటో వచ్చింది. తర్వాత వారానికి చిప్పు కూడా వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో నా సొరుగులో పెట్టాను. ఈ శనివారం, వచ్చే శనివారం అనుకుంటూ మూడు వారాలు గడిపేశాను.

అప్పుడు నర్సు రోజారమణి ఫోన్ చేసింది.

"మేడం, ఒకసారి వచ్చి చూస్తారా? ఏడో నంబరు ఊరికే వెలుగుతోందండి. పైకెళ్తే ఆవిడ నేను నొక్కనేదంటాది. రోజుకి నాలుగైదు సార్లు మెట్లెక్కి దిగలేక చస్తున్నాను."

మర్నాడు కాలేజీ అయ్యాక వెళ్లాను. ఏడో మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. పేరు రాజులమ్మ. ఏజెన్సీలో ఏదో కొండ మీది ఊరు. విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోస్తూ జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది. కొడుకు మత్స్యరాజు పనులు చూసుకుని ఆదివారాలు వస్తాడు.

మంచం పక్కన తీగకి వేలాడే స్విచ్చి ఒకసారి నొక్కితే మీట కిందికి దిగి ఉండిపోతుంది. నర్సు వచ్చి మళ్లీ నొక్కితే లేస్తుంది, దీపం ఆరుతుంది. ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి నొక్కాను, ఎత్తాను. కింద నుంచి రోజారమణి "ఒకటి... రెండు... మూడు..." అని అరుస్తూ వచ్చింది. ఏడూ సరిగ్గానే వెలిగాయి.

రాజులమ్మ నా వైపే చూస్తోంది. "నాను నొక్కనేదమ్మా. ఆ మీట మీద సెయ్యే ఎయ్యనేదు" అంది.

నేను ఆవిడతో మాట్లాడలేదు. మెట్లు దిగి రోజారమణితో అన్నాను: "సర్క్యూట్‌లో ఏ తప్పూ లేదు. ఆవిడే నొక్కి, మీరు వచ్చేలోగా మళ్లీ నొక్కి ఎత్తేస్తున్నట్టుంది. కొండవాళ్లు కదా, కొత్త వస్తువు. ఆటగా ఉందేమో."

ఆ మాట ఉన్నదున్నట్టు ఎందుకు రాస్తున్నానంటే, నేనన్నది అచ్చంగా అదే. దాన్ని మెత్తగా మార్చి చెప్పే హక్కు నాకు లేదు.

తర్వాత శుక్రవారం, రెండో పీరియడ్. ఆ రోజు పాఠం ఎన్‌కోడర్లే. బోర్డు మీద మూడు ఆర్ గేట్లు గీశాను. ముందు బెంచీలో పాయకరావుపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి లేచింది.

"మేడం, రెండు ఇన్‌పుట్లు ఒకేసారి ఇస్తే ఏటవుద్దండి?"

ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు నా నాలుక మీదే ఉంటుంది. "ఉదాహరణకి మూడు, ఐదు కలిపి నొక్కారనుకో. మూడుకి ఒకటి, రెండు తీగలు. ఐదుకి ఒకటి, నాలుగు తీగలు. ఆర్ గేటు రెండిటినీ కలిపేస్తుంది. అంటే మూడు తీగల్లోనూ కరెంటు. డీకోడర్ దాన్ని..."

ఏడు అని చదువుతుంది.

సుద్దముక్క బోర్డుకి ఆనించి అలాగే నిలబడ్డాను. మూడు, ఐదే కాదు. ఒకటీ ఆరూ నొక్కినా ఏడే. రెండూ ఐదూ నొక్కినా, మూడూ నాలుగూ, మూడూ ఆరూ, ఐదూ ఆరూ నొక్కినా ఏడే. ఇలాంటి జంటలో ఇద్దరికీ ఒకేసారి అవసరం పడినప్పుడల్లా, ఏమీ అడగని రాజులమ్మ దీపం వెలుగుతోంది. రోజారమణి పైకెళ్లి ఏడోమంచాన్ని తిట్టి, పక్కనున్న ఐదోమంచం పని చూసి, స్విచ్చి ఎత్తి కిందికొస్తే అప్పుడు మూడు వెలుగుతుంది. ఇక ఎవరికి అనుమానం వస్తుంది? నేను పరీక్ష చేసిందీ ఒక్కొక్కటిగానే.

"మేడం?" అంది ఆ అమ్మాయి.

"రేపు చెబుతాను" అన్నాను. పదకొండేళ్లలో ఆ ప్రశ్నకి రేపు అనడం అదే మొదటిసారి.

లంచ్‌లో సొరుగులోంచి చిప్పు తీసుకుని, టంకం పెట్టె పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. దారిలో నా ఆలోచన ఒక్కటే: ఎవరికీ తెలియకుండా మార్చేసి వచ్చెయ్యాలి. రోజారమణి ఎదురొస్తే "సర్వీసింగ్" అన్నాను. ఆవిడ తలూపి, "అవసరం లేదనుకుంటానండి. మీరు చెప్పిన రోజే ఏడో నంబరు స్విచ్చి ఆవిడకి అందకుండా మేకుకి తగిలించేశాం. దీపం వెలిగినా ఇప్పుడు నేను పట్టించుకోను" అంది.

స్విచ్చి మేకుకి ఉన్నా దీపం ఎలా వెలుగుతోందని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పైన వరండాలో పెట్టె విప్పి ఆర్ గేట్ల బోర్డు తీసేశాను. కొత్త చిప్పు పెట్టాను. ఇద్దరు నొక్కితే అది పెద్ద నంబరునే ముందు పంపుతుంది. ఆ స్విచ్చి ఎత్తాక రెండోది తనంతట తానే కనిపిస్తుంది. ముప్పావు గంట పట్టింది. చిప్పు వచ్చిన రోజే చేసి ఉంటే ఆ ముప్పావు గంటతో పోయేది.

ఏడో స్విచ్చి చూడ్డానికి ఆడవాళ్ల గదిలోకి వెళ్లాను. రాజులమ్మ ఎడమచేతి మణికట్టుకి కొత్త పిండికట్టు ఉంది. పోయినసారి అది లేదు.

"ఇదేటండీ?" అని ఐదో మంచం ఆవిడ రామాయమ్మని అడిగాను.

"బుధవారం పడిపోనాదమ్మా. నన్ను ఎక్సరేకి కిందికి తీసికెళ్లినారు. ఆరో మంచం కాళీ. పాపం ఈవిడ బెడ్‌పాన్ కోసం ఎంతసేపు పిలిసిందో ఏటో. మీట సూత్తే మేకుకి ఉండె. ఇంక ఆగలేక తనే దిగబోయింది. అవతలి గదిలో మొగోళ్లు ఇని ఆళ్ల మీట నొక్కితే అప్పుడొచ్చినారు. బట్టలన్నీ తడిసిపోయి, ఆ నేల మీదే..."

రాజులమ్మ నా వైపు చూసి, కట్టులేని చెయ్యి కొంచెం ఎత్తింది. దండం పెట్టబోయింది.

"తప్పయిపోనాదమ్మా. నిద్దర్లో నా సెయ్యే తగిలుంటాది. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పినాక అబద్ధమవుద్దా. నా కొడుకు కూడా తిట్టినాడు, డాక్టరు గారింటి వస్తువుతో ఆటలేటని. ఇంక ముట్టుకోను."

నేను ఆ చేతిని కిందికి దించడానికి కూడా ముందుకి వెళ్లలేకపోయాను. వరండాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాను. ఆవిడ నన్ను తిట్టినా బావుండేది. తను చెయ్యని తప్పు చేశానని నమ్మేసింది, నేను చెప్పాను కాబట్టి.

కిందికి దిగి టంకం పెట్టె బల్ల మీద పెట్టాను. "రోజారమణీ, ఇది సర్వీసింగ్ కాదు" అన్నాను. ఇద్దరు నొక్కితే ఏమవుతుందో, చిప్పు మూడు వారాలకి పైగా నా సొరుగులో ఎలా పడుందో అంతా చెప్పాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "అంటే నేను వారం రోజులు ఆ ముసలావిడని తిట్టింది..." అని, "మీరొచ్చి చూసి చెప్పారని కదండీ స్విచ్చి తీసేశాను? నా చేత్తో తీశాను కదండీ!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్ది, పైకెళ్లిపోయింది.

డాక్టరు గారి గదికి వెళ్లి ఆయనకీ చెప్పాను. ఆయన మాత్రం తలుపు దగ్గరగా వేశారు. "మార్చేశారు కదమ్మా, వదిలెయ్యండి. చెయ్యి నేను చూసుకుంటాను. పేపర్లో కూడా వచ్చింది, ఇప్పుడు బయటపెడితే మీకూ నాకూ మాటొస్తుంది" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట విన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

మళ్లీ పైకి వెళ్లాను. రాజులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు నొక్కలేదు. నేను కట్టిన పెట్టెలో తప్పుంది. వేరేవాళ్లు ఇద్దరు నొక్కితే నీ దీపం వెలిగింది. సరిగ్గా చూడకుండా నీ మీద చెప్పాను."

ఆవిడకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అయితే నాను నొక్కనేదా?"

"నొక్కలేదు."

"నిద్దర్లో కూడా?"

"నిద్దర్లో కూడా నొక్కలేదు."

ఆవిడ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. నేను క్షమాపణ అడిగాను. "ఈ మాట నా కొడుక్కి సెప్పు. నాను సెప్తే నమ్మడు. ఆదివారం వత్తాడు" అంది.

శనివారం క్లాసులో ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు చెప్పాను. పుస్తకంలోది కాదు, ఆస్పత్రిలోది. శాలువా సంగతితో సహా. ఆ అమ్మాయి నోట్సులో రాసుకోవాలో వద్దో తెలియక పెన్ను పట్టుకుని కూర్చుంది.

ఆదివారం పదిన్నరకి వెళ్లాను. మత్స్యరాజు తల్లి కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, బురద మరకల ప్యాంటు. రామాయమ్మ, రోజారమణి, అవతలి గదిలోంచి కర్ర పట్టుకుని వచ్చిన మూడో మంచం సూరన్న గారు అందరూ ఉన్నారు. పక్కకి పిలిచి చెప్పొచ్చు. కానీ ఆవిడ తిట్లు తిన్నది అందరి ముందూ కదా. అక్కడే చెప్పాను.

మత్స్యరాజు నా మొహం చూడలేదు. తల్లి పిండికట్టు వైపే చూస్తున్నాడు.

"రెండు మీటలు ఒకేపాలి నొక్కితే తప్పు దీపం వెలుగుద్దని తమకి ముందే తెలుసాండీ?" అని మెల్లగా అడిగాడు.

తెలియదని అనలేను. "తెలుసు. ప్రతి ఏడూ పిల్లలకి చెబుతాను" అన్నాను.

అతను తల్లి పక్కన మంచం అంచున కూర్చుని, "నానూ నమ్మనేదే అమ్మా" అన్నాడు. రాజులమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసి, "కూడు తిన్నావా?" అంది.

నేను అక్కడ ఉండాల్సిన పని లేదని తెలిసి కూడా ఇంకాసేపు నిలబడ్డాను. వెళ్లమని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.