నూకరత్నం అసలు బరువు

నేను ఒక బరువు మిషన్ని. అంకెలు వెలిగే సోకు రకం కాదు. ఇనుప పీట, గుండ్రటి అద్దం, లోపల ఒక ముల్లు, అంతే. నన్ను బిగించిన మేస్త్రి ఆ ముల్లును సున్నా మీద నిలబెట్టడానికి ఒక పూటంతా తంటాలు పడ్డాడు. మొదట ఒక వ్యాయామశాలలో ఉన్నాను. లావాటివాళ్ళు చెప్పులూ వాచీ తీసేసి, ఊపిరి బిగబట్టి మరీ ఎక్కేవారు. బిగబడితే ఏం తగ్గుతుందో వాళ్ళకే తెలియాలి. ఆ శాల మూతపడ్డాక విశాఖ వైపు ఒక ఛాతీ ఆసుపత్రికి చేరాను. ఇక్కడంతా తలకిందులు. బరువు పెరిగితే పండగ.

ఇక్కడే డాక్టర్ ప్రసూనను చూశాను. మింగిన క్షయ మందు రక్తంలో ఎంత చేరుతుంది, ఎన్ని గంటలు నిలుస్తుంది అన్నది ఆమె పరిశోధన. మాత్రలు వేసిన రెండు గంటలకు ఒకసారి, ఆరు గంటలకు మరోసారి రక్తం తీసి లెక్కలు కట్టేది. అయితే ఎన్ని మాత్రలివ్వాలో తేల్చేది నేను. ముప్పై అయిదు కిలోలు దాటితే మూడు, లోపైతే రెండు. ప్రతి సోమవారం రోగులు వరసగా ఎక్కుతుంటే ఆమె వంగి చూసేది. ముల్లు పైకి జరిగితే ఆ పిల్ల మొహం చేటంతయ్యేది. కిందికి జరిగిందా, పాపం, తప్పంతా తనదే అన్నట్టు ముడుచుకుపోయేది.

నూకరత్నం చేపలమ్ముకునే మనిషి. చేరిన రోజు ముప్పై ఏడు తూగింది. మరుసటి వారం ముప్పై ఆరు. ముడుచుకుపోయిన ప్రసూన మొహం చూసి నూకరత్నం తెగ నొచ్చుకుంది. ఆ తర్వాత ముప్పై ఆరున్నర, మళ్ళీ ముప్పై ఏడు! వార్డంతా సంబరపడింది. నాకు మాత్రం సంగతి తెలుసు. నా మీద ఆమె పాదాలు వణుకుతున్నాయి, నడుం దగ్గరేమో ఏదో గడ్డలా ఉబ్బెత్తుగా ఉంది. ఎవరితో చెప్పను? నాకున్న నోరల్లా ఆ ముల్లే.

అయిదో సోమవారానికి ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. తిన్నది ఇమడటం లేదు. రక్తంలో మందు చూస్తే, ఆ బరువున్న వాళ్ళందరికంటే ఎక్కువ. ప్రసూన మూడుసార్లు లెక్క వేసింది. ఇలాగే ఇస్తే కాలేయం పాడవుతుంది, మానేస్తే క్షయ మనిషిని దక్కనివ్వదు. చివరికి కోపం నా మీదకు మళ్ళింది. ఈ మిషన్ తప్పు చూపిస్తోందని, బయట పడేసి కొత్తది తెమ్మని నర్సుకు చెప్పింది. ఇన్నేళ్ళ కొలువులో అంత మాట పడటం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది.

నన్ను ఈడ్చుకుపోతుంటే నూకరత్నం మంచం దిగి వచ్చి అడ్డం నిలబడింది. ముప్పై ఏళ్ళు తక్కెడ పట్టిన చెయ్యి. నిజం చెప్పే తూకానికి నింద పడితే ఓర్చుకోలేకపోయింది.

“మిసను మంచిదే తల్లీ. దొంగని నాను,” అంటూ రొంటిన బిగించిన గుడ్డమూట విప్పింది. చేపలు తూచే ఇనప రాళ్ళు. రెండు కేజీలది ఒకటి, కేజీది ఒకటి.

ఎందుకిలా చేశావని ప్రసూన అడిగింది.

“తగ్గితే నీ మొకం సిన్నబోతాది. సూడనేకపోనాను.”

ప్రసూన పక్క మంచం మీద కూలబడింది. తన మొహం చిన్నబోవడం చూడలేకే ఈ మనిషి ప్రాణం మీదకు తెచ్చుకుందని ఆమెకప్పుడు తెలిసింది. రాళ్ళు తీశాక నేను ముప్పై నాలుగు చూపించాను, అంటే రెండు మాత్రల బరువే. కళ్ళు తేటపడేదాకా మందు ఆపారు. ఆ రోజుల్లో నాకూ మనసు మనసులో లేదు. తర్వాత రెండేసి మాత్రలతో మళ్ళీ మొదలుపెట్టారు.

నూకరత్నం బతికింది. ఆసుపత్రి వదిలిన రోజు నలభై రెండు తూగింది. ఇప్పుడు వార్డులో సోకు మిషన్ వచ్చింది, నేను మెట్ల కింద ఉన్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చేది ఆ నలభై రెండు కాదు, రెండేసి మాత్రలు మొదలుపెట్టాక వచ్చిన మొదటి సోమవారం.

ఆ రోజు అరకిలో తగ్గింది. ప్రసూన ఈసారి మొహం వాడనివ్వలేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

నూకరత్నం నా మీంచి దిగనైనా దిగలేదు.

“ఆ నవ్వు దొంగ తూకం తల్లీ. ఏడుపొత్తే ఏడు. మందు నాను మింగుతాను.”

ప్రసూన ఆమె భుజం మీద వాలిపోయి ఏడ్చింది. నా ముల్లు గబగబా పైకెక్కింది. నర్సు అది రాసుకోలేదు.