లీవులో ఉన్నారు

కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు స్వీట్లు పంచడం ఉదయగిరి కరెంటాఫీసులో ఎప్పటినుంచో ఉన్న మామూలు. మరి మొగుడు పోతే వచ్చిన ఉద్యోగానికి పంచాలా, వద్దా? ఎవరిని అడుగుతుంది కృపారాణి! అత్త రెబెకమ్మే కిలో మైసూర్‌పాక్ తెప్పించి సంచిలో పెట్టింది. "వాడు చేరినప్పుడు పంచినాడు. నువ్వూ పంచు. రేపు ఎవురూ నిన్నొక మాట అనగూడదు," అంది.

పంచింది. తీసుకున్నవాళ్ళు తినాలో మానాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. లైన్‌మన్ మల్లికార్జున "కంగ్రాట్స్ మేడం" అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆరు నెలల కిందట డేవిడ్‌రాజు గుండెపోటుతో పోయినప్పటినుంచీ అంతే. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. బంధువులు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, వాళ్ళకేం పని!

సూపరింటెండెంట్ నారాయణయ్య మంచివాడే, నోరే దురుసు. "చూడమ్మా, నీ భర్త కూర్చున్న కంప్లయింట్ల కౌంటరే నీకిస్తాండాను. వచ్చేవాళ్ళు తిడతారు. ఈడ ఏడ్చుకుంటా కూర్చుంటే కుదరదు. ఒక నెల చూస్తా. లేదంటే మర్రిపాడులో రికార్డులు సర్దే పని ఉండాది, ఆడికి పంపుతా," అన్నాడు.

మర్రిపాడంటే రెండు బస్సులు మారాలి. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఏడేళ్ళ షైనీ బడినుంచి వస్తే చూసేదెవరు, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని రెబెకమ్మా? ఏడవకూడదు, అంతేగదా అనుకుంది కృపారాణి. అదెంత పని!

నిజంగానే పెద్ద పని కాలేదు. మోటార్లు కాలిపోయిన రైతులు వచ్చి అరిచారు. దుత్తలూరు మనిషి ఒకడు బల్ల గుద్ది, "మీకు జీతాలెందుకు, దండగ!" అన్నాడు. ఆమె తలెత్తి, "సర్వీసు నంబరు చెప్పండన్నా," అంది. అరిచి అరిచి వాళ్ళకే విసుగొచ్చి నంబరు చెప్పేవాళ్ళు. అది రాసుకుని, లైన్‌మన్‌కు ఫోన్ చేసి, పని అయ్యేదాకా వదిలేది కాదు. ఈమెది మామూలు ఓర్పు కాదని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఓర్పా పాడా! లోపల ఏమీ లేదు, అంతే.

నెల నిండే రోజు మధ్యాహ్నం నరసింహ అనే ముసలాయన కౌంటరు దగ్గరికి వచ్చాడు. చేతిలో నిమ్మకాయల సంచి.

"డేవిడ్ సారు ఏడమ్మా?"

కృపారాణి చేతిలో పెన్ను ఆగింది.

"మా తోటకాడ ట్రాన్స్‌ఫార్మర్ కోసం రెండేండ్లు తిరిగినాను. ఆ సారే కాగితాలన్నీ రాసి పంపినాడు. నిన్న బిగించినారు. నీళ్ళు పారతాండాయి తల్లీ! ఆయనకు నా నోటితో చెప్పుకోవాలని వచ్చినా."

వెనక బల్ల దగ్గర నారాయణయ్య చదువుతున్న ఫైలు దించాడు.

"లీవులో ఉన్నారు పెద్దాయనా," అంది కృపారాణి.

"అట్నా. ఎప్పుడొస్తాడు?"

"తెలీదు. నాకు చెప్పండి, నేను చెప్తాను."

"నీళ్ళొచ్చినాయని చెప్పు. ఈ కాయలు ఇయ్యి." ముసలాయన సంచి కిటికీలోంచి లోపలికి తోసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నారాయణయ్య లేచి వచ్చాడు. "ఏందమ్మా ఇది? పోయినాడని చెప్తే అయిపోయేది గదా. పాపం, ఆయన మళ్ళా వస్తాడు."

"కాగితాల మీద రాసినాను గానీ, ఆ మాట ఈ నోటితో ఎవురికీ చెప్పలేదు సార్. చెప్తే ఏడుపొస్తాదేమోనని భయపడినా. ఏడిస్తే మర్రిపాడన్నారు గదా."

నారాయణయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మర్రిపాడూ లేదు, ఏమీ లేదు. ఈ సీటు నీది. ఇయ్యాలే ఆత్మకూరు పెద్దాఫీసుకు రాసి పంపుతా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "లోపల రూములోకి పోయి కాసేపు ఏడ్చుకో తల్లీ. కౌంటరు నేను చూస్తాలే," అన్నాడు.

వెళ్ళి తలుపు వేసుకుంది. స్టూలు మీద కూర్చుని, "ఆయన పోయినారు," అని పైకే అంది. ఇంకోసారి, కాస్త గట్టిగా అంది. ఇప్పుడు ఏడ్చినా ఎవరూ ఎక్కడికీ పంపరు. పావుగంట కూర్చుంది. ఏడుపు రాలేదు. అప్పుడు మాత్రం ఆమెకు నిజంగా భయమేసింది.