తోట గేటు

మే నెల మధ్యాహ్నం మెట్లు కడుగుతూ కడుగుతూ బక్కమ్మ రెండో అంతస్తు మలుపులో కూలబడింది. బకెట్ ఒరిగి, నీళ్ళు ఒక్కో మెట్టే దిగి గ్రౌండ్ ఫ్లోర్‌లో వినోద గడప దాకా వచ్చాయి. మందలించడానికే బయటికొచ్చింది వినోద. పైకెక్కి చూసేసరికి ఆ వాచ్‌మన్ భార్య గోడకు తల ఆనించి కళ్ళు మూసుకొని ఉంది. పెదవులు పగిలి తెల్లబడ్డాయి.

రెక్క పట్టుకొని కిందికి దింపి, నీడలో కూర్చోబెట్టి, చెంబునిండా మజ్జిగ తెచ్చిచ్చింది వినోద. బక్కమ్మ పెదవులు తడుపుకొని చెంబు పక్కన పెట్టింది.

"మొత్తం తాగు. మొన్న దవాఖానల ఏమన్నరు? నీళ్ళు బాగ తాగమనలేదా?"

"అన్నరు. ఒంటికి పోతె మంట తగ్గాలంటె బిందెడు తాగాల్నట." బక్కమ్మ చిన్నగా నవ్వింది. "తాగితె పోవాలె గదమ్మా. పొద్దంత ఆపి పెట్టుకునేటందుకు నా కడుపేమన్న ధర్మసాగర్ చెరువు కట్టనా?"

"మరి ఇన్ని దినాలు ఏడికి పోయినవ్?" అడిగింది వినోద.

"ఎదురుంగ ఖాళీ జాగ ఉండె. తుమ్మచెట్ల సాటుకు చీకటితోనే పోయొస్తుంటి. ఇయ్యాల జేసీబీ అచ్చి అన్ని పీకేసింది. మా ముసలాయనకేంది, మగోడు, బస్టాండు కాడికన్న పోతడు."

వినోద చూపు దానంతటదే తోట వైపు పోయింది. మెట్ల కింద వాచ్‌మన్ గది, తోట చివర ప్రహరీ మూలన వాళ్ళ మరుగుదొడ్డి. మధ్యలో మల్లెపొదలు, జామచెట్టు, గేటు, గేటుకు తాళం.

నిరుడు ఫ్లాటు కొనేటప్పుడు బిల్డర్ చెప్పనే చెప్పాడు, తోట మీదే గాని అందులోంచి నడిచే హక్కు అందరిదీ అని. "నాలుగు లక్షలు ఎక్కువ పెడుతున్నం. అందరు మా మల్లెచెట్ల నడుమ తిరుగుడేంది?" అన్నది భర్త భానుచందర్ కాదు, తనే. ఒక ఆదివారం టీ తాగుతూ పై ఫ్లాట్లవాళ్ళంతా ఆ హక్కు వదులుకున్నారు. వాళ్ళకు ఇళ్ళల్లోనే రెండేసి బాత్రూములు. నిజానికి రోజూ ఆ దారిన నడిచేది వాచ్‌మన్, బక్కమ్మ ఇద్దరే. తొమ్మిదివేల జీతం తీసుకునే వాళ్ళకు ఫ్లాటు లేదు గనక వాళ్ళనెవరూ అడగలేదు. ఎట్లాగో సర్దుకుంటారులే అనుకుంది వినోద. తాళం తనే కొనుక్కొచ్చింది. ఇప్పుడా మరుగుదొడ్డిలో భానుచందర్ దుకాణంలో మిగిలిన ఎరువు బస్తాలున్నాయి.

లోపలికి పోయి తాళంచెవి తెచ్చి బక్కమ్మ చేతిలో పెట్టబోయింది.

"ఇగో, నీ దగ్గరుంచుకో. బస్తాలు నేను తీస్త. సార్ దుకాణానికి పోయినంక పోయిరా. ఎవ్వరికి చెప్పకు."

బక్కమ్మ చెయ్యి చాపలేదు.

"వద్దమ్మా."

"ఎందుకు?"

"దొంగ లెక్క ఎందుకు పోవాలె? రేపు ఒక్క జామకాయ కనబడకపోయినా నా మీదికే వస్తది. మీరు రాకముందుకెల్లి నడిచిన తొవ్వ అది. తాళమే లేకపోతె నాకు చెవి దేనికి?"

కోపంగా అనలేదు. గోడ పట్టుకొని లేచి, మిగిలిన మెట్లు కడగడానికి పైకి పోయింది. చెంబులో మజ్జిగ అట్లాగే ఉంది.

వినోద ఎండలోకి నడిచి తాళం తీసింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, మరుగుదొడ్డిలోంచి మొదటి బస్తాను బయటికీడ్చింది. అప్పుడే అన్నానికొచ్చిన భానుచందర్ స్కూటరు ఆపాడు.

"ఏం చేస్తున్నవ్? ఆ గేటెందుకు తీసినవే?"

ఎండకు కాలిన తాళం వినోద అరచేతిలో చురుక్కుమంటోంది. పైన మెట్ల మీద చీపురు చప్పుడు ఆగిపోయింది.