పట్టా కింద యంత్రం

తనిఖీకొచ్చిన విదేశీ కంపెనీవాళ్ల కారు గేటు దాటిందో లేదో, మేస్త్రీ దుమ్ము పీల్చే యంత్రాన్ని ఆపేసి టార్పాలిన్ పట్టా కప్పేశాడు. చుట్టాలు పోగానే అరువు కుర్చీలు సర్దినంత హడావిడి! పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీయడం మా పని. మళ్లీ సుత్తులు లేచాయి, షెడ్డంతా నల్లటి దుమ్ము కమ్మేసింది. ఎదురుగా గోడ మీద ఇంతేసి అక్షరాలు: 'పచ్చని పరిశ్రమ'. దుమ్ముకి కాదు, ఆ అక్షరాలకి నాకు డోకొచ్చింది.

నా పక్కన మా వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కడుపుతో ఉంది. పోయినసారి ఈ దుమ్ము వల్లే బిడ్డను పోగొట్టుకుంది.

"పొద్దున హాయిగా ఊపిరాడిందయ్యా. దాన్ని అలాగే తిరగనివ్వు," అంది మేస్త్రీతో.

"కరెంటు బిల్లు మీ ఆయన కడతాడా? అయినా అది వాళ్ల సొత్తు. వాళ్ల మనిషి లేకుండా ముట్టుకుంటే మేనేజరు నా తోలు తీస్తాడు."

ఛీ, ఏం బతుకు! పెట్టుబడితో పాటు సముద్రం దాటొచ్చిన యంత్రం ఆ పట్టా దాటి మా ముక్కుల దాకా రాలేకపోయింది.

భోజనాల వేళ కుళాయిల దగ్గర అందరం చేరాం.

"పని ఆపేద్దాం," అన్నాడు కొలిమి దగ్గర పనిచేసే తాత.

"ఆపితే గేటు బయట పని కోసం కాచుకున్నవాళ్లని పిలుచుకుంటారు. మన నోట్లో మట్టే," అన్నాడు లోడింగు కూలీ ఒకడు.

"ఆపడమెందుకు? యంత్రం నడుపుదాం," అంది వదిన. "ఆ మీట నొక్కడం అందరం చూశాంగా."

"పోలీసులు పట్టుకుపోతారే తల్లీ!"

"పట్టుకుపోనీ తాతా. ఇంకోసారి ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో రాలేను."

అందరం కలిసి వెళ్లి పట్టా లాగేశాం. వదిన మీట నొక్కింది. యంత్రం హోరుమంది. దుమ్ము పైకి లేచి గొట్టంలోకి పోతుంటే అవతలి గోడ దగ్గరున్నవాళ్ల మొహాలు కనబడ్డాయి.

మేనేజరు పోలీసులతో దిగాడు. అనుమతి లేకుండా కంపెనీ సొత్తు వాడిందట, అదీ నేరం!

"థూ! మా కాలంలో యంత్రం ఆపితే జైల్లో వేసేవాళ్లు. ఇప్పుడు నడిపినా జైలేనా?" అన్నాడు తాత.

వదినని వ్యాను ఎక్కించారు. మా అన్న అడ్డం పడితే నెట్టేశారు.

"దాన్ని ఆపనివ్వకండి! నేను మళ్లీ ఇక్కడికే రావాలి!" అని వ్యానులోంచి అరిచింది వదిన.

మేనేజరు మీట వైపు వచ్చాడు. నేను దానికి వీపు ఆనించి నిలబడ్డాను. నా ముందు తాత, తాత ముందు కూలీలు. సాయంత్రం షిఫ్టువాళ్లు వస్తూనే సంగతి విని, సుత్తులు ముట్టకుండా మా చుట్టూ నిలబడ్డారు.

"ఆపండి!" అని గొంతు చించుకున్నాడు మేనేజరు.

"ఆపం! మా మనిషిని వదలండి!" అని అరిచాం అందరం. ఆ షెడ్డులో దగ్గు అడ్డం రాకుండా మేం అరవడం అదే మొదటిసారి.