ఎడమ పక్క కాస్త పైకి

మా వీధి మగవాళ్ళు పాస్‌పోర్టు ఫోటో కోసం నా స్టూడియోకి వస్తే, జుట్టు ఎక్కడ కత్తిరించుకున్నారో నేను అడగక్కర్లేదు. చెవి పక్కనుంచి చెంప మీదికి దిగే జుట్టు, సైడ్‌లాక్ అంటారే, అది కుడివైపుకంటే ఎడమవైపు వేలి మందం పైకి ఉంటే మా మామగారి చేతిపని అన్నమాట. నేను కంప్యూటర్లో ఆ ఎడమ చెంపను కాస్త కిందికి దించి, రెండు పక్కలా సమానం చేసి, ప్రింటు తీసి చేతిలో పెడతాను. ఈ సేవకి విడిగా ఏమీ పుచ్చుకోను. ఇంటి పరువు కదా.

మామయ్యది ఎడమచేతి వాటం. దానికి తోడు పనిలో ఉన్నప్పుడు తల ఓ పక్కకి వాల్చే అలవాటు. అలా వాల్చిన తలకి లోకం ఎలా కనిపిస్తుందో నాకు తెలియదుగానీ, ఆయన దృష్టిలో ఆయన కత్తిరింపు గీత గీసినట్టుంటుంది. ఎవరైనా నోరు జారి వంకర అన్నారంటే ఒంటికాలి మీద లేస్తారు. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ అన్నాను. చాలా రోజులు నా చేతి టీ ముట్టుకోలేదు. మా ఆయన మాత్రం ఊహ తెలిసినప్పటినుంచీ ఆ కత్తెరకే తల వంచిన మనిషి కాబట్టి, అద్దంలో ఆయనకు ఏ తేడా కనిపించదు.

సెలూన్ పెట్టకముందు మామయ్య పటాలంలో బార్బరు. తుపాకీ పట్టడం కూడా నేర్పారుగానీ, పై అధికారులకు ఆయన కత్తెరతోనే ఎక్కువ అవసరం పడింది. ఆ ఉద్యోగంలో ఆయనకు రావలసిన పతకాలు రెండు, రికార్డులోకి ఎక్కలేదు. ఒకటి దీర్ఘకాల సేవకి ఇచ్చేది. రెండోది కొండ పతకం. మంచుకొండ మీది పై శిబిరంలో చలికాలం గడిపినవాళ్ళకే అది ఇస్తారు. ఇన్నేళ్ళలో మామయ్య ఈ రెండింటి ఊసూ ఎత్తలేదు. ఎత్తేలా చేసినవాడు ఫిరంగి.

ఫిరంగి అంటే పటాలం మాజీ సైనికుల సంఘం కార్యదర్శి. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయన పక్కన ఒక్కసారి కూర్చున్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఆ చలికాలం కొండ మీద గడిపినవాళ్ళందరి పేర్లూ, తిరిగొచ్చినవాళ్ళవీ రానివాళ్ళవీ, ఒక రాతిపలక మీద చెక్కించి సంఘం హాల్లో పెట్టాలని ఆయన నిర్ణయించాడు. మామయ్య తన పేరూ చెక్కించమని అడిగారు. ఫిరంగి రికార్డు తెప్పించి చూస్తే, ఆ చలికాలమంతా మామయ్య కొండ కింది శిబిరంలోనే ఉన్నట్టు రాసి ఉంది. నువ్వెక్కింది జుట్టుకుప్పలే గురూ, అని అందరి ముందూ నవ్వాడట.

ఆ రోజు మామయ్య ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. ఏమైందని నేను చెవినిల్లు కట్టుకుని పోరితేగానీ నోరు విప్పలేదు.

"పతకం లేకపోతే పోయిందమ్మా. తిరిగిరాని ఆ పిల్లల పక్కన నా పేరుండాలి. నేనూ అక్కడున్నాను," అన్నారు.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకసలే ముక్కు మీద కోపం. ఫిరంగి మీద వచ్చినదాన్నంతా రికార్డుల ఆఫీసు మీదికి మళ్ళించి, మర్నాడే అర్జీ రాశాను.

దీర్ఘకాల సేవ పతకం పెద్దగా ఏడిపించలేదు. ఎవరో ఏళ్ళు కూడడంలో పొరపాటు చేశారు, మళ్ళీ కూడి, రికార్డు సరిచేసి పంపారు. కొండ పతకం దగ్గర మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. పైకి పంపినట్టు ఉత్తర్వు లేదంటారు. ఉత్తర్వు ఎక్కడినుంచి వస్తుంది? దారి మంచుతో మూసుకుపోయేముందు, తన మనుషుల జుట్టు చెవుల మీద పడుతోందని పై శిబిరం కెప్టెన్ ఫోన్లో కేకలేశాడు. కిందివాళ్ళు మామయ్య భుజాన ఒక కిరసనాయిలు డబ్బా కూడా వేసి, పైకి సామాను మోసేవాళ్ళతో పంపేశారు. రాసేవాడు రాయలేదు, వెళ్ళేవాడు అడగలేదు. ఆ కెప్టెన్ ఇప్పుడు లేరు. సాక్ష్యం చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను ఆఫీసుల చుట్టూ కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాను.

చివరికి పటాలం వాళ్ళు ఎప్పుడో వేసిన సంచికలో ఆ పై శిబిరం ఫోటో ఒకటి దొరికింది. మంచులో సిపాయిలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు, కింద నడి చలికాలపు తేదీ. తను అందులో లేనని మామయ్య ముందే చెప్పేశారు. అందరూ ఫోటోకి నిలబడినప్పుడు ఆయన కత్తెర్లు కడుక్కుంటున్నారట. అయినా చూద్దామని స్టూడియోలో దాన్ని స్కాన్ చేసి పెద్దది చేశాను. చెయ్యి అలవాటు చొప్పున మొదటి సిపాయి ఎడమ చెంప దగ్గరికి పోయింది. కిందికి దించబోయి ఆగిపోయాను. పక్కవాడిదీ అంతే. ఆ పక్కవాడిదీ అంతే. వెనక వరసంతా అంతే. మంచుకొండ మీద తుపాకులు పట్టుకుని నిలబడ్డ పటాలం పటాలమంతా అచ్చం మా వీధి మగవాళ్ళే. షాపులో ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను.

నవ్వు తగ్గాక ఇంకోటి కనబడింది. మంచు మీది ఎండకి ఆ ముఖాలన్నీ కమిలిపోయి ఉన్నాయి, కానీ చెవుల చుట్టూ ఒక సన్నటి తెల్లటి పట్టీ. అంతవరకూ జుట్టు కప్పి ఉంచిన చర్మం అది. అంటే కత్తిరింపు తాజాది, కొండ మీదే జరిగింది. ఫోటోలతో బతికేదాన్ని, ఈ మాత్రం కనిపెట్టలేకపోతే నాకు ఆ షాపు దండగ.

ఇంక పని అయిపోయినట్టేననుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. ఈ రుజువు చెల్లాలంటే అర్జీలో ఒక మాట రాయాలి, ఎడమవైపు పైకి కత్తిరించడం ఆయన అలవాటని. మామయ్య ముఖం కందగడ్డ చేసుకున్నారు. వంకరా, నా కత్తిరింపా, అలా రాసేటట్టయితే పతకమూ వద్దు పలకా వద్దు పొమ్మన్నారు. మా ఆయన బతిమాలారు. ఆ బతిమాలే ముఖానికే ఓ పక్క జుట్టు పైకి ఉంది కాబట్టి నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. చివరికి వంకర అన్న మాట కొట్టేసి, అర్జీదారు కత్తిరింపులో ఒక ప్రత్యేక శైలి కలదు అని రాశాను. శైలి అనేసరికి మామయ్య మెత్తబడి, ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టారు.

అర్జీకి జత చేయడానికి మా వీధివాళ్ళ ఫోటోలు, నేను చెయ్యి పెట్టనివి, ప్రింటు తీశాను. వాళ్ళ అనుమతి అడుగుతూ చూపించాల్సి వచ్చింది. అదొక రభస. పాపం ఒక్కొక్కరూ తమ అసలు ముఖం అప్పుడే చూసుకున్నారు. తాళాలు బాగుచేసేవాడు చాలాసేపు చెంప తడుముకుంటూ కూర్చుని, పెళ్ళిచూపుల్లో నన్ను కాదన్నవాళ్ళది తప్పు కాదన్నమాట, అని నిట్టూర్చాడు. అయినా ఎవరూ కాదనలేదు.

రికార్డుల సవరణ బోర్డు మమ్మల్ని పిలిచింది. గుమ్మం దగ్గర కాపలా మనిషి మామయ్య జేబులోంచి కత్తెర తీసి డ్రాయర్లో పెట్టుకున్నాడు. ఆయన కత్తెర లేకుండా గడప దాటరు. లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యన అధ్యక్షుడు, ఆయన తల అద్దంలా మెరిసిపోతోంది. ఒక పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ. రెండో పక్కన గుబురు జుట్టు ఆసామి, దేన్నీ నమ్మేరకం కాదని ముఖం మీదే రాసి ఉంది. వీళ్ళంతా కింద కత్తిరించుకుని పైకెళ్ళి ఉండొచ్చుగా అన్నాడు. నేను తెల్లటి పట్టీ చూపించాను. సరే, ఇంకో బార్బరు కూడా ఇలా కత్తిరించొచ్చుగా అన్నాడు. అధ్యక్షుడు మామయ్య వైపు తిరిగారు.

"మీరు ఎడమవైపు పైకి కత్తిరిస్తారా?"

"లేదండీ. నాది సమానంగా ఉంటుంది."

మామయ్య మోచెయ్యి గిల్లాను. లాభం లేకపోయింది.

"అయితే ఈ ఫోటోలోది మీ పని కాదా?"

"నా పనేనండీ."

"ఇందులో వంకరగా ఉంది కదా?"

"లేదండీ."

అధ్యక్షుడు ఫోటో వంకా మామయ్య వంకా మార్చి మార్చి చూశారు. అర్జీ కొట్టేస్తారనే అనుకున్నాను. ఇంతలో కళ్ళజోడు ఆవిడ, వాదన ఎందుకు, చేసి చూపించమనండి అంది. ఎవరికి చెయ్యాలన్నది సమస్య. అధ్యక్షుడి దగ్గర సరుకు లేదు. ఆవిడ జడ ముడేసుకుని ఉంది. అందరి చూపులూ గుబురు జుట్టు మీదికి పోయాయి. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, వేరే దారి లేక కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

కాపలా మనిషి కత్తెర తెచ్చిచ్చాడు. మామయ్య ఆయన మెడ చుట్టూ బల్ల మీది గుడ్డ కప్పారు. నేను ఆయన్ని అంత శ్రద్ధగా పనిచేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. తన కత్తిరింపు సమానమని లోకానికి రుజువు చేయాలనే పట్టుదల. తల వాల్చి, నాలుక పళ్ళ మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, కుడి చూసి ఎడమ, ఎడమ చూసి కుడి కత్తిరించారు. చివరికి గుడ్డ దులిపి, చూసుకోండి అన్నారు, గర్వంగా.

బోర్డు మొత్తం లేచి చూసింది. ఎడమ పక్క, వేలి మందం పైకి. ఫోటోలో సిపాయిలకి ఎంతో, ఈయనకీ అంతే. కళ్ళజోడు ఆవిడ ఫైలు అడ్డం పెట్టుకుంది, ఫైలు ఊగుతోంది. గుబురు జుట్టు ఆసామి చెంప తడుముకుని, ఇతని పనే, సందేహం లేదు, అన్నాడు నీరసంగా.

ఉత్తర్వు వచ్చింది. కొండ పతకం రికార్డులోకి ఎక్కింది. ఫిరంగి పలక మీద మామయ్య పేరుకి చోటు చూపించి, ఆ మధ్యాహ్నమే సెలూన్‌కొచ్చి మొదటిసారి ఆయన ముందు తల వంచాడు. ఇప్పుడు ఆయన చెంపా మా వీధి చెంపే. ఇంట్లో అందరం సంబరపడుతుంటే మామయ్య మాత్రం ఉత్తర్వు పట్టుకుని చిటపటలాడుతూ నా స్టూడియోకి వచ్చారు. అందులో, అర్జీదారు తలలన్నిటికీ ఎడమవైపు పైకి కత్తిరించునని బోర్డు కళ్ళారా చూసినది, అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం తీసేయమని ఇంకో అర్జీ రాయమంటారు. ఇంతవరకూ నన్ను తిప్పింది చాలదా అని నేను కసురుకున్నాను.

చూస్తే, ఆయన కళ్ళు నా కంప్యూటర్ మీదున్నాయి. పై శిబిరం ఫోటో తెరిచి ఉంది. వెనక వరసలో చివరన నవ్వుతున్న కుర్రాడి మీద వేలు పెట్టారు.

"వీడికి పెళ్ళి కుదిరింది. ఈ ఫోటో ఆ పిల్లకి పంపాలని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. అద్దం చూసుకుని, ఎడమ పక్క కాస్త పైకి పోయిందన్నా అన్నాడు. నాకు ఒళ్ళు మండి, ముందు కళ్ళు చూపించుకోరా అన్నాను. తర్వాత పాపమనిపించి, సరే రేపు రా, సరిచేస్తాలే అన్నాను."

వేలు ఆ ముఖం మీదే ఉంచారు.

"సాయంత్రం గస్తీకి పోయారు. మంచు విరిగి మీద పడింది. అప్పట్నుంచీ ఎవరు వంకరన్నా నాకు వాడే అన్నట్టుంటుందమ్మా. నేను ఒప్పేసుకుంటే, వాణ్ణి అలాగే పంపేసినట్టే కదా."

ఇన్నేళ్ళూ ఆ మొండితనం చూసి నవ్వుకున్నదాన్ని నేనే.

"నువ్వు అందరివీ సరిచేస్తావుగా. నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. "మీరంతా అంటున్నారు కాబట్టి ఉండే ఉంటుంది. వీడిది కూడా సరిచెయ్యి. రేపు రమ్మన్నాను వాణ్ణి."

కుర్రాడి ముఖం తెర నిండా పెద్దది చేశాను. మామయ్య నా వెనక నిలబడి, తల ఓ పక్కకి వాల్చారు. కిందికి అన్నారు. దించాను. ఇంకాస్త అన్నారు. దించాను. నా కంటికి రెండు పక్కలా సరిగ్గా సమానమైంది. అబ్బే ఎక్కువైంది, పైకి, అన్నారు. పైకి జరిపాను. ఇంకొంచెం. ఇంకొంచెం.

"ఆ, అక్కడాపు. ఇప్పుడు సమానం. ఇప్పుడు బావున్నాడు."

అది మొదట ఎక్కడుందో సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. దాన్ని అలాగే ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను.