ఆ గదిలో పొయ్యి లేదు

నేను ఒక ఇనుప పొయ్యిని. తుప్పు పట్టి పోతానని నాకు బెంగ లేదు, ఇనుము పుట్టుకే అంత. నా భయమల్లా ఒక్కటే. నీలవేణి తన పసిబిడ్డను ఎత్తుకుని ఇప్పుడు ఏ నీడా లేని చోట కూర్చుని ఉందేమో, అందుకు కారణం నేనేనేమో.

తారు డబ్బా ముక్కను వంచి, మూడు కాళ్ళు అతికించి నన్ను చేసినవాడు వెల్డింగు యాకూబ్. మొదట కొన్నది మిర్చిబజ్జీల సాంబయ్య. అతని బండి మీద నూనె చిటపటలు వింటూ చాలా కాలం బతికాను. ఒకరోజు ఆ వీధిలో పసుపు గీత గీశారు. గీతకు ఇటు నిలబడితే వ్యాపారి, అటు నిలబడితే అడ్డంకి. మనుషులకు ఈ విద్య బాగా వచ్చు. ముందు గీత గీస్తారు, తర్వాత అవతల ఉన్నవాళ్ళకు పేరు పెడతారు. సాంబయ్య బండి అమ్ముకుని పోతూ నన్ను తమ్ముడి కొడుకు ఐలేశ్‌కు ఇచ్చాడు.

ఐలేశ్ సెంట్రింగు పనివాడు. నీలవేణి అతని భార్య. తుమ్మలకుంట గట్టు కింద రేకుల కప్పు వేసిన ఒక్క గది వాళ్ళది. నీలవేణి నాకు పసుపు కుంకుమ పెట్టి పాలు పొంగించింది. అక్షిత పుట్టాక నాకు తీరికే లేదు. పాలు, ఉగ్గు, స్నానానికి నీళ్ళు. వానాకాలం పిల్లదాని గుడ్డలు నా చుట్టూనే ఆరేవి. నా మసి గోడ మీద మనిషి ఎత్తున పాకింది. అది చూసి నీలవేణి ఊరికే సిగ్గుపడేది.

చెరువు చుట్టూ కొంత దూరం కట్టడాలు ఉండరాదని పట్టణం పటంలో కొత్తగా రాశారట. అక్కడ కాపురం ఉన్నవాళ్ళకు వేరే చోట ఇల్లు ఇస్తారు, ఉత్తి షెడ్లయితే ఏమీ ఇవ్వకుండా తీసేస్తారు. ఏది ఏదో చూసి రాయడానికి సార్లు వస్తున్నారు. కానీ వాడకు ఈ కబురు సగమే చేరింది. చెరువు పాడవుతోందని చూడ్డానికి వస్తున్నారట, పొగా చెత్తా కనబడితే ఊరుకోరట.

పక్కింటి పోశవ్వ తన గ్యాసు పొయ్యిని తళతళా తోముకుని, మా గదిలోకి తొంగి చూసింది.

"గీ మసేంది పిల్లా? సార్లు ఏమనుకుంటరు? గా పొయ్యిని బయట పెట్టు."

పెళ్ళిచూపులకు సర్దినట్టు సర్దింది నీలవేణి. గోడకు సున్నం కొట్టింది. గిన్నెలన్నీ పోశవ్వ ఇంటికి చేర్చింది. నన్ను గది వెనక్కి మోసుకెళ్ళి పట్టా కప్పింది.

గోడ అవతల నుంచి అంతా విన్నాను. వచ్చిన సారు చిన్నవాడే, మెత్తని గొంతు. వంట ఎక్కడ చేసుకుంటారని అడిగాడు.

"ఇంట్ల పొయ్యి పెట్టం సార్. పొగ రానియ్యం. అంతా సాఫుగనే ఉంచుకుంటం."

ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె ఇంకాస్త గర్వంగా అదే చెప్పింది. పోశవ్వ ఇంటి నుంచి టీ తెప్పించి ఇచ్చింది. నిప్పు లేని పొయ్యికి నోరుండదు, ఉంటే అరిచేదాన్ని.

సాయంత్రం ఐలేశ్ అసలు సంగతి కనుక్కుని వచ్చాడు. పడుకోవడం, వండుకోవడం ఒకే కప్పు కింద ఉంటేనే నివాసమట. వంట లేకపోతే సామాన్ల షెడ్డట. సున్నం గోడకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

"మరి మన బిడ్డ పుట్టింది షెడ్లనా?"

మర్నాడు పొద్దున్నే పాలు కాచి, నిప్పు దులిపి, ఒక చంకన అక్షితనూ మరో చంకన గోనెలో చుట్టిన నన్నూ ఎత్తుకుని నీలవేణి ఆఫీసుకు పోయింది. నన్ను ఆ సారు బల్ల ముందు దించింది.

"గిదే సార్ మా పొయ్యి. నేనే దాచిన. ముట్టి చూడండ్రి, ఇంక వేడిగనే ఉంది."

ఆయన ముట్టలేదు. చూసిన రోజు ఏముందో అదే రాయాలమ్మా, నివాసమన్న మాటకు అర్థం మార్చడం మా చేతుల్లో లేదన్నాడు. ముఖంలో కోపమైనా లేదు. ఉంటే బతిమాలుకునేది.

నన్ను పక్కన పెట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. తర్వాత లేచి, నన్ను మరిచిపోయి నడిచి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు విరిగిన కుర్చీలతో పాటు నన్నూ పాత ఇనుము దుకాణానికి తోలారు. గట్టు కింద షెడ్లు తీసేశారని ఇక్కడెవరో అంటుంటే విన్నాను. ఇళ్ళని అనలేదు, షెడ్లనే అన్నారు.

కొత్త భవనాలు లేస్తున్న వైపు మీరెప్పుడైనా వెళ్తే, సెంట్రింగు ఐలేశ్ భార్య ఎక్కడుంటుందో కనుక్కోండి. ఎలా ఉన్నావని అడిగితే మంచిగనే ఉన్నం అంటుంది. ఎక్కడి నుంచో టీ కూడా తెప్పిస్తుంది. ఆ మాట నమ్మి బయటి నుంచే తిరిగి రాకండి. లోపలికి వెళ్ళి, ఆ పిల్లకు పాలు కాచే నిప్పు ఉందో లేదో చూసి రండి.